అంతరిక్ష యుద్ధాల మీద వాదన ఎందుకు తెగదు?

సైన్స్ ఫిక్షన్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి మాట యుద్ధాల మీదికి మళ్లక మానదు. ఈ నౌకాదళం ఆ నౌకాదళాన్ని ఓడించగలదా? పైనుంచి బాంబులేసి స్థావరాన్ని కూల్చేయకుండా సైన్యాన్ని మంచులో ఎందుకు నడిపించారు? నక్షత్రాల మధ్య తిరిగేంత టెక్నాలజీ ఉన్నవాళ్లు కత్తులతో ఎందుకు పొడుచుకుంటున్నారు? చర్చ వేడెక్కగానే ఒకరు న్యూటన్ సూత్రాలు తీస్తారు. ఇంకొకరు "ఆ లోకంలో అది కుదరదని మొదటి పుస్తకంలోనే రాశారు కదా" అంటారు. మరొకరు "ఇంతకీ ఆ గ్రహం వాళ్లకెందుకు?" అని అడుగుతారు. అందరి మాటలోనూ పస ఉంటుంది. అయినా గంట గడిచినా ఒక్క విషయమూ తేలదు.

తేలకపోవడానికి కారణం, అక్కడ మూడు వేరు వేరు ప్రశ్నలు కలగాపులగమైపోవడం. భౌతికశాస్త్రం దేన్ని ఒప్పుకుంటుంది అన్నది ఒకటి. కాగితం, పెన్ను తీసుకుని లెక్క కడితే దీనికి జవాబు వస్తుంది. కథ తన లోకానికి ఏ నియమం పెట్టుకుంది, దానికి కట్టుబడిందా అన్నది ఇంకొకటి. యుద్ధం చేసేవాళ్లకు ఏం కావాలి, అందుకు ఎంత నష్టానికి సిద్ధపడ్డారు అన్నది మరొకటి. దీనికి లెక్కల కన్నా చరిత్ర ఎక్కువ పనికొస్తుంది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబుతో ఇంకో ప్రశ్నను కొట్టిపారేయబోతే వాదన మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. అందుకే ముందు అడగాల్సింది ఇది: ఈ కథ మన లోకపు ఏ పరిమితిని ఎత్తేసింది, ఏ పరిమితిని అలాగే ఉంచింది? యుద్ధ వ్యూహం ఎక్కడైనా పరిమితుల్లోంచే పుడుతుంది. ఇది తెలిస్తే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే వదులవుతాయి.

అందరికంటే ఎక్కువ గొడవ ఒంటరి పైలట్ నడిపే చిన్న ఫైటర్ నౌకల మీద జరుగుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 1977లో వచ్చిన మొదటి 'స్టార్ వార్స్' సినిమాలో చివరి పోరాటాన్ని ఎడిట్ చేసేటప్పటికి ఎఫెక్ట్స్ షాట్లు ఇంకా తయారు కాలేదు. ఆ చోట్ల దర్శకుడు జార్జ్ లూకస్ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన పోరాటాల ఫుటేజీ పెట్టి, దాన్నే నమూనాగా తీసుకున్నాడు. అందుకే ఆ నౌకలు గాల్లో ఎగిరే విమానాల్లా పక్కకి ఒరిగి మలుపు తిరుగుతాయి. విమానం ఒరిగేది రెక్కలతో గాలిని పట్టుకుని దిశ మార్చుకోవడానికి. శూన్యంలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంజిన్ ఆపేసినా నౌక అదే వేగంతో అదే దారిన పోతూనే ఉంటుంది. వెంటపడినవాణ్ని కాల్చాలంటే మలుపు తిరగాల్సిన పని లేదు, ముందుకు సాగుతూనే ముక్కును వెనక్కి తిప్పితే చాలు. 1990లలో 'బాబిలాన్ 5' సీరియల్ ఫైటర్లు ఇలాగే పోరాడాయి, అభిమానులు ఆ సీరియల్‌ని ఇప్పటికీ అందుకే గౌరవంగా తలుచుకుంటారు.

అయితే మలుపుల సంగతి పైపైన కనిపించేది. లోతైన అభ్యంతరం ఇంధనం దగ్గర ఉంది. సముద్రం మీద విమానవాహక నౌకకు అర్థం ఉంది: నౌక నీటిలో పోతుంది, విమానం గాల్లో పోతుంది. గాల్లో పోయేదానికి వేగం ఎన్నో రెట్లు ఎక్కువ, ఎత్తు నుంచి చూపూ ఎక్కువ. 1942 మేలో కోరల్ సముద్ర యుద్ధంలో రెండు పక్షాల నౌకలూ ఒకదాన్నొకటి చూడకుండానే విమానాలతో కొట్టుకున్నాయి. అంతరిక్షంలో పెద్ద నౌకా, చిన్న ఫైటరూ ఉండేది ఒకే శూన్యంలో. చిన్నది కాబట్టి వేగంగా పోతుందని చెప్పడానికి అక్కడ కారణమేదీ లేదు.

ఇక్కడ ఒక లెక్క దగ్గరగా చూడాలి. రాకెట్ తన ఇంధనంతో మొత్తం ఎంత వేగం మార్చుకోగలదో దాన్ని డెల్టా వీ అంటారు. దాన్ని లెక్కగట్టే సమీకరణాన్ని 1903లో రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ ప్రచురించాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే ఇంజిన్ నుంచి వాయువు సెకనుకు ఇంచుమించు 4.5 కిలోమీటర్ల వేగంతో వెలువడుతుంది. శత్రువు వైపు మనమూ అదే వేగంతో వెళ్లాలనుకుందాం. మిసైల్ ఒక్కసారి వేగం పుంజుకుంటే సరిపోతుంది. పైలట్ ఉన్న ఫైటర్ అలా కాదు. వేగం పుంజుకోవాలి, అక్కడ ఆగాలి, వెనక్కి రావడానికి మళ్లీ వేగం పుంజుకోవాలి, తన నౌక దగ్గర మళ్లీ ఆగాలి. అంటే నాలుగు రెట్ల డెల్టా వీ. అలాగని ఇంధనం నాలుగు రెట్లు పోసుకుంటే కుదరదు, ఎందుకంటే మోసుకెళ్లే ఇంధనాన్ని కూడా ఇంధనమే మోయాలి. సమీకరణం ప్రకారం మిసైల్ బయల్దేరేటప్పటి బరువు దాని ఖాళీ బరువుకు 2.7 రెట్లు. ఫైటర్‌కి అదే 2.7ని నాలుగుసార్లు వేసి గుణించాలి, దాదాపు 55 రెట్లు. ఖాళీ బరువు 10 టన్నులైతే మిసైల్‌కి 17 టన్నుల ఇంధనం చాలు. ఫైటర్‌కి 530 టన్నులు దాటుతుంది.

ఇది చూశాక ఫైటర్ కథ ముగిసిందనిపిస్తుంది, చాలామంది ఇక్కడే విజయం ప్రకటించేస్తారు. కానీ వాయువు పది రెట్ల వేగంతో వెలువడే ఇంజిన్‌ని రచయిత ఆ లోకానికి ఇచ్చాడనుకోండి. మిసైల్‌కి 1.1 రెట్లు, ఫైటర్‌కి 1.5 రెట్లు. తేడా దాదాపు చెరిగిపోయింది. అదే సమీకరణం మొదట ఫైటర్‌ని చంపింది, తర్వాత బతికించింది. అంటే "ఫైటర్లు సాధ్యమా?" అన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఆ లోకంలో ఇంజిన్ ఎలాంటిదో చెప్పకుండా అవునన్నా, కాదన్నా రెండూ తొందరపాటే.

తర్వాతి పెద్ద గొడవ దాక్కోవడం గురించి. ఫైటర్ విమాన యుద్ధం నుంచి వచ్చినట్టే కంటికి కనబడని నౌక జలాంతర్గామి నుంచి వచ్చింది. 'స్టార్ ట్రెక్'లో అదృశ్య నౌక మొదటిసారి కనిపించిన 1966 నాటి ఎపిసోడ్ నిర్మాణమే జలాంతర్గామి సినిమా ధోరణిలో సాగుతుంది. సముద్రం నిజంగానే దాచుకుంటుంది. అంతరిక్షం దాచదు అన్నది లెక్కలు కట్టేవాళ్ల వాదన, అందులో చాలా బలం ఉంది. నక్షత్రాల నడుమ శూన్యపు నేపథ్యం 2.7 కెల్విన్, అంటే సెల్సియస్ సున్నాకి 270 డిగ్రీల కింద. మనుషులు బతికే నౌక 290 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు 17 డిగ్రీల సెల్సియస్‌లో, ఉండి తీరాలి. చీకట్లో దీపంలా అది పరారుణ కిరణాల్లో వెలుగుతుంది. ఇంజిన్ వేస్తే ఇక చెప్పనక్కర్లేదు.

ఆ వేడిని బయటికి పంపకుండా లోపలే దాచుకుంటే లోపలున్నవాళ్లు ఉడికిపోతారు. గాలి, నీరు లేనిచోట వేడి పోవడానికి ఉన్న ఒకే దారి కిరణాలుగా వెలువడటం, దానికి రేడియేటర్లు కావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఉన్న పెద్ద తెల్లటి రేడియేటర్ పలకలు 70 కిలోవాట్ల వరకు వేడిని బయటికి పంపడానికి పెట్టినవి. కథల్లోని యుద్ధనౌక ఆయుధాలకు, ఇంజిన్లకు గిగావాట్లు వాడుతుంది. 1,000 కెల్విన్‌లో ఎర్రగా కాలుతున్న పలక చదరపు మీటరుకు 57 కిలోవాట్లు వెదజల్లుతుంది. ఒక గిగావాట్ వేడిని వదిలించుకోవాలంటే రెండు వైపులా పనిచేసే పలక 8,800 చదరపు మీటర్లు ఉండాలి, ఫుట్‌బాల్ మైదానం కంటే పెద్దది. అంత పెద్ద పలక శత్రువుకి సులువైన గురి. యుద్ధం మొదలవగానే దాన్ని ముడుచుకుంటే లోపల వేడి పెరుగుతూ పోతుంది, మళ్లీ చాపేలోపు ఎన్నిసార్లు కాల్పులు జరపగలరో అదే ఆ నౌక సత్తా. సినిమాల్లో ఇది దాదాపు కనబడదు. నాకు మాత్రం ఈ ఒక్క విషయంలోనే చక్కని యుద్ధ కథకు సరిపడా టెన్షన్ ఉందనిపిస్తుంది. తుపాకీ గుండ్లు అయిపోవడం కంటే, తన వేడికి తానే లొంగిపోవాల్సి రావడం ఎంతో నాటకీయమైన ఓటమి.

"అంతరిక్షంలో దాక్కోలేరు" అనేవాళ్లు తరచూ నాసా వ్యోమనౌక వాయేజర్-1ని సాక్ష్యానికి పిలుస్తారు. 20 వాట్ల పైచిలుకు ట్రాన్స్‌మిటర్, 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరం, అయినా మనం వింటున్నామంటారు. ఈ సాక్ష్యం చెల్లదు. వాయేజర్ ఎక్కడుందో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుందో మనకు ముందే తెలుసు, అది తన యాంటెన్నాని మనవైపే తిప్పి మాట్లాడుతోంది. దాక్కోవాలనుకునేవాడు అలా చేయడు. ఎదుటిపక్షం 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్కను చూపిస్తుంది. సుమారు 20 మీటర్ల రాయి, సూర్యుడి వైపు నుంచి వచ్చింది, ఎవరూ ముందు పసిగట్టలేదు, దాదాపు 1,500 మంది గాయపడ్డారు. ఇదీ పూర్తి సాక్ష్యం కాదు. ఆ రాయికి ఇంజిన్ లేదు, ఆకాశమంతా కాపలా కాసే యుద్ధకాలపు టెలిస్కోపుల వలయం మనకూ లేదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేలేదేమిటంటే, చూపు ఆనడం కష్టం కాదు, ఎక్కడ చూడాలో తెలుసుకోవడం, చూసినదేమిటో గుర్తుపట్టడం కష్టం. బొమ్మ నౌకలతో మోసం చేద్దామన్నా అంత సులువు కాదు. ఇంజిన్ మంట ఎంత బలంగా ఉందో, నౌక ఎంత త్వరణంతో పోతోందో చూసి దూరం నుంచే దాని బరువు లెక్కకట్టవచ్చు. నమ్మించాలంటే బొమ్మ కూడా నౌకంత బరువుండాలి, అప్పుడది ఇంకో నౌక ఖర్చవుతుంది. ఉద్దేశాన్ని దాచడం మాత్రం ఎప్పుడూ కుదురుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు సరుకు ఓడల్లో ఫిరంగులు దాచి జర్మన్ జలాంతర్గాముల్ని దగ్గరికి రప్పించారు, వాటిని క్యూ-షిప్స్ అనేవారు. అందరికీ కనబడుతూనే, ఏమిటో అర్థంకాకుండా ఉండే నౌక గురించి రాసే రచయితకు భౌతికశాస్త్రం అడ్డురాదు.

లేజరా, మిసైలా అన్న తగువు ఇంత లోతుగా పోదు. ఎంత మంచి లేజర్ పుంజమైనా దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. ఒక మీటరు అద్దం నుంచి ఒక మైక్రాన్ (మీటరులో పదిలక్షల వంతు) తరంగదైర్ఘ్యంతో వదిలిన పుంజం 1,000 కిలోమీటర్ల దగ్గర సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు అవుతుంది, చంద్రుడంత దూరంలో దాదాపు కిలోమీటరు. పైగా 3 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న శత్రువుని మనం చూసేసరికి ఒక సెకను గడిచిపోయి ఉంటుంది, మన కాంతి అక్కడికి చేరడానికి ఇంకో సెకను. ఈ రెండు సెకన్లలో ఒక్క జి (భూమి గురుత్వాకర్షణ ఇచ్చేంత) త్వరణంతో పక్కకి జరిగినా నౌక 20 మీటర్లు తప్పుకుంటుంది. మిసైల్ నెమ్మదైనా గురిని వెంటాడగలదు. దానిలో పేలుడు పదార్థం కూడా అక్కర్లేదు: సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో తగిలే ఏ వస్తువుకైనా తన బరువంత టీఎన్‌టీతో సమానమైన శక్తి ఉంటుంది. నిజానికి కక్ష్యలో తుపాకీ కాల్చిన అనుభవం మనిషికి ఇప్పటికే ఉంది. సోవియట్‌వాళ్లు సల్యూట్-3 అంతరిక్ష కేంద్రానికి ఫిరంగి బిగించారు, దాన్ని గురిపెట్టాలంటే కేంద్రాన్నే తిప్పాలి. 1975 జనవరిలో, లోపల మనుషులెవరూ లేనప్పుడు, ఆ ఫిరంగిని కాల్చి చూశారు.

ఇంతవరకూ లెక్కలు. ఇప్పుడు లెక్కలకు లొంగని రెండో ప్రశ్నకు వస్తే, దానికి 1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన 'డ్యూన్' కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ లోకంలో ఒంటి చుట్టూ ఉండే కవచం వేగంగా వచ్చే దేన్నైనా ఆపేస్తుంది, నెమ్మదిగా దూరే కత్తిని ఆపలేదు. లేజర్ దానికి తగిలితే అణుపేలుడు లాంటిది జరిగి కాల్చినవాడు కూడా పోవచ్చు. అలాంటి కవచం భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు. కానీ ఒకసారి ఒప్పుకున్నాక మిగతావన్నీ వరసగా వస్తాయి. తుపాకులు మూలపడతాయి, కత్తిసాము తిరిగొస్తుంది, కుర్రవాళ్లకు చెయ్యి నెమ్మదించడం నేర్పుతారు. ఎడారిలో మాత్రం కవచం వేసుకుంటే రాక్షస ఇసుకపురుగులు రెచ్చిపోయి మీద పడతాయి, కాబట్టి అక్కడివాళ్లు దాన్ని వాడరు. ఇంకా నచ్చే సంగతి ఒకటుంది. కవచాల వల్ల ఫిరంగులు పాతబడి అందరూ మరిచిపోయిన కాలంలో, హార్కోనెన్ అనే వంశంవాళ్లు వాటిని బయటికి తీసి గుహల్లో తలదాచుకున్న శత్రు సైనికుల్ని కొండచరియల కింద పూడ్చేస్తారు. నియమాన్ని పెట్టడమే కాదు, దాని అంచుల్లో ఏం జరుగుతుందో కూడా రచయిత ఆలోచించాడు.

దీనికి ఎదురుగా 2017 నాటి 'స్టార్ వార్స్' సినిమా 'ద లాస్ట్ జెడై'లోని దృశ్యాన్ని పెట్టండి. ఒక కమాండర్ తన నౌకను హైపర్‌స్పేస్‌లోకి (కాంతిని మించిన వేగంతో పోయే ఆ లోకపు దారిలోకి) దూకిస్తూ శత్రువు మహానౌకను రెండుగా చీల్చేస్తుంది. చూడటానికి అద్భుతమైన షాట్, థియేటర్లో శబ్దమంతా ఆగిపోతుంది. అభిమానుల్లో చాలామందికి కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమైనదే. ఒక నౌకతో ఇంత పని జరుగుతుందంటే, మనిషి లేని పాత నౌకకు ఇంజిన్ బిగించి మొదటి సినిమాలోని డెత్ స్టార్ అనే శత్రువుల మహాస్థావరం మీదికే వదిలేవాళ్లు కదా? హైపర్‌స్పేస్‌ని ఎవరూ భౌతికశాస్త్రం పేరుతో తప్పుపట్టలేదు, నలభై ఏళ్లుగా ఒప్పుకున్నారు. వాళ్లు అడిగింది, ఇన్ని యుద్ధాల్లో ఇంతమంది సేనానులకు ఈ ఉపాయం ఎందుకు తట్టలేదని. 2019లో వచ్చిన తర్వాతి సినిమాలో ఒక పాత్ర చేత అది పదిలక్షల్లో ఒకసారి కుదిరే పని అని చెప్పించారు. అతుకు వేసినట్టే ఉంది కానీ, అతుకు అవసరమని నిర్మాతలు గుర్తించారన్నది ముఖ్యం.

ఇలాంటి చోట "అది ఊహాలోకం, లాజిక్ ఎందుకు?" అని నోరు మూయించడం సరికాదు. ఊహ ఎంత పెద్దదైతే దాని పర్యవసానాల మీద అంత శ్రద్ధ కావాలి. అలాగని తెర మీద ఉల్క పగిలిన ఫ్రేములు లెక్కపెట్టి, దాని సైజు అంచనా వేసి, ఆ ఫిరంగి శక్తి ఇన్ని మెగాటన్నులని తేల్చి, దాంతో రెండు వేరు లోకాల నౌకలకు పందెం వేయడం నాకు అంతగా రుచించదు. ఆ మంట ఎంత పెద్దగా ఉండాలో నిర్ణయించింది ఒక ఎఫెక్ట్స్ కళాకారుడి కన్ను. కొలిచేది అతని అభిరుచినే.

మూడో ప్రశ్నను అభిమానులు తక్కువగా పట్టించుకుంటారు, నన్నడిగితే అసలు సరుకంతా అక్కడే ఉంది. కక్ష్యలోంచి రాళ్లు విసిరితే నగరం భస్మమవుతుంది కదా, ఇంక కాలిబంట్లెందుకు అన్నది పాత ప్రశ్న. 1959 నాటి 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నవలలో శిక్షణలో ఉన్న కుర్రాడు సరిగ్గా ఇలాంటిదే అడుగుతాడు: అణుబాంబులుండగా కత్తి విసరడం నేర్చుకోవడం దేనికని. యుద్ధమంటే చంపడం మాత్రమే కాదని, ఎదుటివాణ్ని మన దారికి తెచ్చుకోవడానికి కావలసినంత బలమే వాడటమని సార్జెంట్ విడమరిచి చెబుతాడు. ఆ నవల రాజకీయాలతో ఏకీభవించకపోయినా ఈ మాటను కాదనడం కష్టం. ఫ్యాక్టరీలు, ఓడరేవులు, బతికున్న మనుషులు కావాలనుకునేవాడు వాటిని కాల్చుకోడు. 1980 నాటి 'స్టార్ వార్స్' సినిమా 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో మంచు గ్రహం మీద సైన్యం నడిచి రావడానికీ కథలో కారణం ఉంది. పైనుంచి వేసే బాంబుల్ని ఆపేంత కవచం ఆ స్థావరం మీద ఉంది, దాని జనరేటర్‌ని నేల మీదుగా వచ్చే కూల్చాలి. ఆ సైన్యం ఎక్కి వచ్చిన నడిచే యుద్ధయంత్రాలకు కాళ్లెందుకన్నది వేరే తగువు, అక్కడ విమర్శకులదే పైచేయి.

ఇదే కొలతతో చూస్తే నీళ్ల కోసం భూమి మీదికి దండెత్తే గ్రహాంతరవాసుల కథలు నిలబడవు. గురుగ్రహపు చంద్రుడు యూరోపా మంచు పొర కింద ఉన్న నీరు భూమి సముద్రాలన్నిటికీ రెట్టింపు ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా, అక్కడ ఎదురు తిరిగేవాళ్లూ లేరు. నక్షత్రాలు దాటి వచ్చే శక్తి ఉన్నవాళ్లు నీళ్లకోసం పోరాడరు.

ఈ ఆలోచనలు కథల్లోనే ఆగిపోలేదు కూడా. బ్రిటిష్ రచయిత హెచ్.జి. వెల్స్ 1903లో కందకాలు దాటుకుపోయే ఇనుప యుద్ధయంత్రాల గురించి కథ రాశాడు. నిజమైన ట్యాంకులు 1916 సెప్టెంబర్ 15న మొదటి ప్రపంచ యుద్ధంలోని సోమ్ పోరులోకి దిగాయి. 1947లో సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ రచయిత ఇ.ఇ. స్మిత్‌కి రాసిన ఉత్తరంలో, అమెరికా యుద్ధనౌకల్లో సమాచారమంతా ఒకచోట చేర్చి చూపే గదికి ఆలోచన స్మిత్ కథల నుంచే వచ్చిందని ఒక నౌకాదళ అధికారి చెప్పిన సంగతి ఉంది. ఫ్రాన్స్ రక్షణ శాఖ 2019లో సైన్స్ ఫిక్షన్ రచయితలతో రాబోయే ముప్పుల్ని ఊహించే బృందాన్ని ఏర్పాటు చేసే పని మొదలుపెట్టింది.

ఇప్పుడు కొత్తగా వేడెక్కుతున్న వాదన, అసలు ఆ నౌకల్లో మనుషులెందుకు అన్నది. శిక్షణ పొందిన పైలట్ కూడా 9 జి త్వరణాన్ని కొద్దిసేపే తట్టుకోగలడు. ఫిరంగిలోంచి పేల్చే గైడెడ్ గుండ్లలోని ఎలక్ట్రానిక్స్ 10,000 జి పైనే తట్టుకుంటాయి. యుద్ధమంతా యంత్రాలకే వదిలేయవచ్చు అనడానికి ఇది బలమైన కారణం. కానీ కాంతి వేగం ఇక్కడ మళ్లీ అడ్డుపడుతుంది. భూమి నుంచి అంగారకుడికి సందేశం చేరడానికి, అవి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడున్న యంత్రం "కాల్చమంటారా?" అని అడిగి జవాబు అందుకునేసరికి దూరం ఎక్కువున్న రోజుల్లో ముప్పావు గంట గడిచిపోతుంది. కాబట్టి రెండే దారులు: ఎవరిని చంపాలన్న నిర్ణయం యంత్రానికే ఇచ్చేయడం, లేదా ఆ నిర్ణయం తీసుకునే మనిషిని యుద్ధానికి ఒకటి రెండు కాంతి సెకన్ల దూరంలో కూర్చోబెట్టడం. ఆ దూరంలో అతనికీ ప్రమాదమే. రేడియేటర్లు చాపిన అతని నౌక అందరికీ కనబడుతూ ఉంటుంది, శత్రు మిసైళ్లు ముందుగా దానివైపే వస్తాయి. నేను రెండో దారి వైపే ఉన్నాను. కాల్చమని ఆజ్ఞ ఇచ్చేవాడికి ప్రాణాపాయం లేని యుద్ధం ఆగడానికి కారణం కూడా ఉండదేమోనని నా భయం. ఈ మాటకు సమీకరణం చూపించలేను. మొదటి దారి వైపు ఉన్నవాళ్లూ చూపించలేరు.